పది బారల దూరం

సరస్సు మీద గాలాలేసే వాళ్ళందరూ మోటార్లు బాగుచేసే మేస్త్రిని నిదానం అనే పిలిచేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. "నిదానం గారూ, ఈ మోటారు దగ్గుతోంది, కాస్త చూడండి" అనేవారు. ఆయన పలికేవాడు. పడవ వెనక గాలం ఈడ్చుకుంటూ పోవడంలో ఆయనంత నెమ్మదిగా పోయేవాడు లేడు, ఆయనంత తక్కువ చేపలు పట్టేవాడూ లేడు. పేరు అలా వచ్చిందని వాళ్ళు అనుకునేవారు.

ఆయన షెడ్డు పైగదిలో నేను నాలుగేళ్ళు అద్దెకున్నాను. నేల చెక్కల సందుల్లోంచి పెట్రోలు వాసన, మేస్త్రి గొణుగుడు పైకి వచ్చేవి. గోడౌన్లో నా పని మధ్యాహ్నం మొదలయ్యేది కనక పొద్దున పూట ఆయన పడవ ఎక్కేవాణ్ణి. అంతకన్నా మంచి పని నాకెవరూ ఇవ్వలేదు.

ఈ వేట చూడ్డానికి సులువు. పన్నెండడుగుల అల్యూమినియం పడవ, వెనక పలకకి రెండు మరలతో బిగించిన చిన్న పెట్రోలు మోటారు, దానికి అటూ ఇటూ రెండు గొట్టాలు, గొట్టాల్లో నిలబెట్టిన రెండు గాలపు కర్రలు. ఎడమ కర్ర దారం నలభై బారలు వదలాలి, కుడి కర్రది పాతిక. రెండూ సమానంగా వదిలితే పడవ మలుపు తిరిగేటప్పుడు పెనవేసుకుంటాయి, విప్పుకునేసరికి పూట గడిచిపోతుంది. దారం కొసన చెక్కతో చేసిన చేప, దాని మూతికి రేకుముక్క. పడవ లాగుతుంటే ఆ రేకు నీటిని తన్నుకుని చెక్కచేప లోతుకి దిగి, దెబ్బతిన్నదానిలా వంకరగా ఈదుతుంది. ఆ వంకర ఈత చూసే వాలుగ మోసపోతుంది.

ఒడుపంతా వేగంలో ఉంది. కూరగాయల సంచీ మోసుకుంటూ ఇంటికి నడిచే మనిషి వేగం చాలు. అంతకు మించితే చెక్కచేప గిరగిరా తిరుగుతుంది, తగ్గితే పైకి తేలిపోతుంది. మోటారు ఎంత చిన్నదైనా అంత నెమ్మదిగా నడవడం దానికి చేతకాదు. అందుకని అడుగున చిల్లులు పొడిచిన బకెట్టొకటి తాడు కట్టి నీళ్ళలో వేలాడదీస్తారు. మోటారు ముందుకి లాగుతుంటే బకెట్టు వెనక్కి లాగుతుంది.

మేస్త్రికి ఇదంతా కొట్టిన పిండి. చప్పుడు విని ప్లగ్గుకి మసి పట్టిందో లేదో చెప్పేసేవాడు. అయినా ఆయన పడవలో చేప పడేది కాదు. ఒడ్డున ఉన్న పంపుహౌస్ దాటగానే ఆయన చెయ్యి తనంతట తానే పిడి తిప్పి వేగం తగ్గించేది. చెక్కచేపలు పైకి తేలేవి. ఆయన వెనక్కి తిరిగి, దారాల వైపు కాకుండా దారాల మధ్య ఖాళీ నీళ్ళ వైపు చూస్తూ కూర్చునేవాడు.

"ఏం చూస్తున్నారు?" అని ఒకసారి అడిగాను.

"ఏం లేదులే." మళ్ళీ తనే, "వెనక ఎవరో వస్తున్నట్టు లేదూ?" అన్నాడు.

వెనక బకెట్టు తప్ప ఏమీ లేదు.

షెడ్డులో కూడా అంతే. బాగుచేసిన మోటారుని నీళ్ళ పీపాకి తగిలించి అరగంట నడిపి చూడాలి. అందరూ దాన్ని అలా వదిలేసి టీకి పోతారు. ఈయన పోయేవాడు కాదు. ఆ అరగంటా దాని మీద చెయ్యి వేసి నిలబడేవాడు. మనిషి పక్కన లేకుండా తిరిగే మోటారు చప్పుడు ఆయన వినలేడు.

ప్రతి మోటారుతోనూ ఓ ఎర్రతాడు వస్తుంది. ఒక కొసన ఉన్న బిళ్ళ మోటారు బొత్తాం కింద దూరుతుంది, రెండో కొస మనిషి మణికట్టుకి తగిలించుకోవాలి. మనిషి నీళ్ళలో పడితే బిళ్ళ ఊడి మోటారు ఆగుతుంది. కానీ రెండు గాలాలు చూసుకునే మనిషి ఒకచోట కూర్చోలేడు. లేచి కర్ర దగ్గరికి పోతే తాడు లాగుతుంది, మోటారు టక్కున ఆగుతుంది, దారాలు వదులై నీళ్ళలోని మోటారు ఫ్యానుకి చుట్టుకుంటాయి. ఆ గొడవ పడలేక జనం మేస్త్రి దగ్గరికి వచ్చారు. ఆయన పసుపుపచ్చ ఆయిల్ డబ్బా కోసి, గుర్రపు నాడా ఆకారంలో వేలెడంత ముక్కలు చేసిచ్చాడు. ఆ ముక్క బొత్తాం కిందికి తోస్తే మోటారుకి ఇక తాడుతో పని లేదు, మనిషితోనూ పని లేదు. పిడిని సైకిల్ ట్యూబుతో కట్టేస్తే పడవ దాని దారిన అది పోతుంది. సరస్సు మీద సగం పడవల్లో ఆ పచ్చముక్కలే ఉండేవి. బుర్రంటే మేస్త్రిదే అని మెచ్చుకునేవారు.

నేను చెప్పబోయే ఆదివారానికి ఆరేళ్ళ ముందు ఒక ముక్క తన అక్క మొగుడి మోటారుకీ పెట్టాడు.

బావ దర్జీ. సెలవు రోజున గాలం వేసేవాడు. చలికాలం పొద్దున, మందపాటి కోటు, బూట్లు. ఎలా పడ్డాడో చూసినవాళ్ళు లేరు. పడ్డాక మాత్రం పంపుహౌస్ కాపలాదారు చూశాడు. ముందు పడవ, వెనక మనిషి.

"సరదాగా ఈదుతున్నాడనుకున్నానండీ" అన్నాడు కాపలాదారు.

ఎంత వెనక అని అడిగారు.

"పది బారలుంటుందేమో. ఎంతసేపు చూసినా అంతే ఉంది."

అతను టీ కాచుకోడానికి లోపలికెళ్ళి వచ్చేసరికి పడవ ఒక్కటే పోతోంది.

మిగతాది చాలాకాలం తర్వాత మేస్త్రి నోటితోనే విన్నాను. దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు, ఇక్కడే చెప్పేస్తాను. ఖాళీ పడవ రెల్లులో చిక్కుకుందని ఎవరో వచ్చి చెప్పగానే ఆయన పనిముట్ల కోసమని షెడ్డులోకి వెళ్ళి, పచ్చముక్క పెట్టినప్పుడు సొరుగులో వేసిన బావ ఎర్రతాడు తీసి జేబులో వేసుకున్నాడు. అప్పటికింకా బావ పోయాడని ఎవరూ అనలేదు. పడవ దగ్గరికి తనే మొదట చేరాడు. పెట్రోలు అయిపోయి మోటారు ఆగి ఉంది. ఎడమ గాలానికి చేప తగిలి ఉంది, బతికే ఉంది. ఆయన పచ్చముక్క పీకేసి, ఎర్రతాడు బిళ్ళ దూర్చి, రెండో కొస కిందికి వేలాడదీశాడు.

విచారణకి వచ్చిన అధికారి ఆ వేలాడే కొస చూసి రాసుకున్నాడు: భద్రతా తాడు అందుబాటులో ఉండీ మృతుడు ధరించలేదు, స్వీయ నిర్లక్ష్యం.

ఆ కాగితం అక్క కంఠతా పట్టింది. షెడ్డుకి ఎదురుగా రెండు గదుల ఇల్లు ఆమెది. మొగుడి మిషను తనే తొక్కుతూ, రోజూ టీ వేళకి తమ్ముణ్ణి పిలిచి కూర్చోబెట్టేది.

"జానెడు తాడురా! జానెడు తాడు చేతికి తగిలించుకోడానికి బద్ధకమేసింది మహానుభావుడికి. ఊళ్ళోవాళ్ళ గుండీలు మాత్రం రెండేసిసార్లు లాగి చూసేవాడు."

"పోనీలే అక్కా."

"ఏం పోనీ? నీకు పెళ్ళామా పిల్లలా, నీకేం తెలుస్తుంది. వెళ్ళే ముందురోజే మాటిచ్చాడు, కట్టుకుంటానని. ఇచ్చి కూడా కట్టుకోలేదంటే మేం ఆయన లెక్కలో లేమనేగా."

మొగుడి ఫొటో ఆమె గుడ్డపీలికల పెట్టె అడుక్కి తోసేసింది. మేస్త్రి గ్లాసులో ఈగ పడినట్టు టీలోకి చూస్తూ కూర్చునేవాడు. ఒక్క మాట చెబితే చచ్చినవాడు బయటపడతాడు, బతికున్నవాడు మునుగుతాడు. ఆరేళ్ళూ ఆయన చచ్చినవాణ్ణే ముంచాడు. పచ్చముక్కలు చెయ్యడం మానేశాడు గానీ, చేసినవి వెనక్కి అడగలేకపోయాడు. అడిగితే ఎందుకని అడుగుతారు.

అలాగే గడిచిపోయేది, మేనకోడలికి ఇరవై ఒకటి రాకపోతే.

ఆ అమ్మాయి మందుల షాపులో పనిచేసేది. "మావయ్యా, నాన్న మోటారు దింపు. ఆదివారం నేను గాలం వేస్తా" అంది ఒకరోజు.

"ఈ పిచ్చెందుకే నీకు? శుభ్రంగా మందులమ్ముకో."

"అమ్మీ అమ్మీ నాకే రోగం వచ్చేలా ఉంది. దింపుతావా, అటక నన్నెక్కమంటావా?"

అక్క మిషను ఆపకుండానే అంది: "పోనియ్యరా. అయ్య పోలికలు ఎక్కడికి పోతాయి. ఏయ్, తాడు కట్టుకో. ఇంట్లో ఓ మనిషుందని నీకైనా గుర్తుండాలి."

రెండు రోజుల పని మేస్త్రి రెండు వారాలు చేశాడు. మోటారు విప్పి కడిగాడు, ప్లగ్గు మార్చాడు. పలకకి బిగించి, మరలు వదులైనా మోటారు మునిగిపోకుండా గొలుసు వేశాడు. ఎర్రతాడు లాగి చూశాడు. మోటారు ఆగింది. మళ్ళీ నడిపి, మళ్ళీ లాగాడు. నేను పైనుంచి ఇరవై దాకా లెక్కపెట్టి మానేశాను.

ఆదివారం ముగ్గురం బయల్దేరాం. అమ్మాయి మోటారు దగ్గర, తాడు మణికట్టుకి. మొదటిసారి ఎడమ కర్ర వైపు లేచింది, మోటారు ఆగింది. దారం ఫ్యానుకి చుట్టుకుంది. విప్పాం. రెండోసారీ అంతే. మూడోసారి, మందుల షాపులో నేర్చుకోని మాటలు కొన్ని అంది.

అటుగా పోతున్న పడవలోంచి రొట్టెల కొట్టాయన నవ్వాడు. "అమ్మాయ్, ఆ తాడుతో కాపురం చెయ్యలేవు! ఇదిగో పట్టు, నా దగ్గర రెండున్నాయి. మీ మావయ్య చేతి పనే!"

ఏదో విసిరాడు. అది పడవ అడుగున టక్కుమని పడింది. పచ్చగా ఉంది.

"ఇంత చిట్కా ఉంచుకుని నాకు చెప్పలేదేం మావయ్యా?" అంటూ ఆమె తాడు విప్పేసి, ముక్కని బొత్తాం కిందికి తోసి మోటారు స్టార్టు చేసింది. పడవ కదిలింది. పిడి ట్యూబుకి వదిలేసి ధీమాగా లేచి నిలబడింది. "హమ్మయ్య!"

"తియ్యి" అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"తియ్యవే దాన్ని!"

మోకాళ్ళ మీద పాకి వెళ్ళి తనే పీకాడు. గోరు చీలి నెత్తురొచ్చింది. మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దంలో పడవ కొంచెం సాగి నిలిచింది, వెనక చెక్కచేపలు ఒకదాని తర్వాత ఒకటి పైకి తేలాయి.

"మీ నాన్న మోటారులో ఇదే ఉంది" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. "తాడుందిగా. వేలాడుతోందని రాశారుగా."

"తాడు నేను పెట్టాను. తర్వాత."

ఆమె కూర్చుంది. మేస్త్రి అంతా చెప్పాడు, షెడ్డు సొరుగు దగ్గర్నుంచి రెల్లు దాకా. మా ఇద్దరికీ కాకుండా నీళ్ళకి చెబుతున్నట్టు చెప్పాడు. చివర, "ముందురోజు మీ నాన్న వచ్చాడు. తాడు మళ్ళీ పెట్టెయ్యరా, మీ అక్కకి మాటిచ్చాను అన్నాడు. ఏదో మోటారు విప్పుకుని ఉన్నాను. రేపు చూద్దాంలే బావా అన్నాను."

ఆమె దారాలు చుట్టేసి, "పడవ తిప్పు" అంది. ఒడ్డు దగ్గరికి వచ్చాక ఇంకొక్క మాట అంది. "అమ్మకి నువ్వే చెప్పాలి. నేను చెబితే నువ్వు మళ్ళీ తప్పించుకున్నట్టే."

ఆయన తడి చెప్పులతోనే గుమ్మంలో నిలబడి చెప్పాడు. మధ్యలో మిషను ఆగింది. అక్క సూది కింద గుడ్డని అలాగే పట్టుకుని వింది.

"ఇంకోసారి చెప్పు."

"ఏదక్కా?"

"మీ బావ అన్న మాట."

"తాడు మళ్ళీ పెట్టెయ్యరా, మీ అక్కకి మాటిచ్చాను."

"ఇంకోసారి."

చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించుకుని ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచాక తమ్ముడి వైపు చూడలేదు.

"ఆరేళ్ళు ఆయన్ని తిట్టాను. నువ్వు ఆ కుర్చీలో కూర్చుని బిస్కట్లు ముంచుకు తిన్నావు."

ఆమె సూది కింద గుడ్డని బయటికి లాగింది.

"రేపు ఆఫీసుకి వస్తున్నావు. ఆ కాగితంలో మాట కొట్టేయించాలి."

"కేసు పెడతారక్కా."

"పెట్టనీ."

మర్నాడు నేనూ వెళ్ళాను. వసారాలో పొడుగాటి బల్ల. ఒక కొసన అక్క, ఇంకో కొసన మేస్త్రి, మధ్యలో అమ్మాయీ నేనూ.

గుమాస్తా ఫైలు వెతకడానికే గంట పట్టింది. "మూసేసిన ఫైల్లో కొట్టివేతలు కుదరవమ్మా. కొత్త వాంగ్మూలం రాసిస్తే వెనక జత చేస్తాం, అంతే" అన్నాడు, సినిమా టిక్కెట్లు అయిపోయాయని చెప్పినట్టు.

మేస్త్రి రాశాడు. ఆయనకి రాత అలవాటు లేదు. నేను రాసిపెడతానంటే కలం ఇవ్వలేదు. సంతకం పెట్టాక మొత్తం మళ్ళీ చదువుకుని, బావ అన్న చోట కొట్టేసి మృతుడు అని రాసి, దాన్నీ కొట్టేసి మళ్ళీ బావ అనే రాశాడు.

గుమాస్తా అది చదివి, కళ్ళద్దాల పైనుంచి ఆయన్ని ఓసారి చూసి, ఆ కాగితాన్ని అధికారి గదిలోకి తీసుకెళ్ళాడు. కాసేపటికి తలుపు సందులోంచి తల పెట్టి పిలిచాడు.

"మృతుడి తాలూకు మనిషి ఎవరండీ? లోపలికి రండి."

బల్ల రెండు కొసల నుంచీ ఇద్దరూ లేచారు. అక్క తమ్ముడి వైపు తిరిగి చూసింది. నిన్నటి నుంచి అదే మొదటిసారి చూడటం. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.