చేదు తగల్లేదన్న బావ

మొన్న సౌదీలోని మా ఖఫ్జీ డిపోకి మాస్కులు పరీక్షించే కొత్త యంత్రం వచ్చింది. మాస్కుకు సన్నని గొట్టం తగిలిస్తే బయట ఎంత దుమ్ముందో, లోపలికి ఎంత చొరబడిందో తనే లెక్కగట్టి తెరమీద చూపిస్తుంది. మనిషిని ఏమీ అడగనక్కర్లేదు. దాన్ని చూస్తుంటే, నాలాగే జుట్టు నెరిసేదాకా ఈ ఎడారిలో ఉండిపోయిన మీతో నా తొలి ఉద్యోగపు ముచ్చట ఒకటి చెప్పుకోవాలనిపించింది.

అప్పట్లో మాకున్న యంత్రమల్లా మనిషి నాలుకే. తలమీద పారదర్శకమైన ముసుగు దించి, ముందు మాస్కు లేకుండా చేదు మందు తుంపర కొట్టి రుచి తెలిసిందా అని అడిగేవాణ్ణి, ఆ తర్వాత మాస్కు పెట్టించి మళ్లీ కొట్టేవాణ్ణి. అప్పుడూ చేదు తగిలితే మాస్కు అంచున సందు ఉన్నట్టు. అయితే మా జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్లకు, చేదు అన్నామంటే ఫెయిలై, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రద్దయి ఇంటికి పోతామన్న భయం పట్టుకుంది. మాస్కు లేనప్పుడే, మొహం వంకర్లు పోతున్నా, ఏం లేదు సార్ అనేవాళ్లు. నాకు నవ్వాగేది కాదు. కానీ ఆ మొహాలు చదవడంలో నన్ను మించినవాడు లేడని ఇప్పటికీ గట్టిగా చెప్పగలను.

వాళ్లలో మా అక్క భర్త ఒకడు. చమురు ట్యాంకులకు ఇసుక కొట్టి తుప్పు వదిలించే పని అతనిది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు; మూతికి రుమాలు కట్టుకుని ఆ పని చేసినవాళ్ల దగ్గు నేను క్యాంపులో విన్నవాణ్ణి. మాస్కు పెట్టాక తుంపర కొట్టగానే బావ కనుబొమలు ముడిపడ్డాయి. "ఏం చేదు లేదు బామ్మర్దీ, పాస్ జెయ్యి" అన్నాడు. దవడపళ్లు పీకించుకున్నచోట బుగ్గ లోపలికి పోయి, మాస్కు ఆనడం లేదు. అక్క మొహం గుర్తొచ్చి, నలుగురి ముందే ఫెయిల్ చేశాను. అతను నాతో మాటలు మానేసి, వంట కూడా వేరు పెట్టుకున్నాడు. నేను స్టోరంతా గాలించి మరో కొలత మాస్కు తెచ్చి, బతిమాలి కూర్చోబెట్టాను. ఈసారి ఎంత కొట్టినా కనుబొమ కదల్లేదు. అప్పుడే ట్యాంకులోకి పోనిచ్చాను.

యంత్రం రావడం మంచిదే, దాని ముందు ఎవరి అబద్ధమూ సాగదు. నేటి కుర్రాళ్లు తెరమీది అంకె చూసుకుని, మాస్కు మార్చుకుని వెళ్లిపోతారు. వాళ్ల మొహం చూసేవాళ్లు లేరు, చూసినందుకు అలిగేవాళ్లూ లేరు. మా బావ మాత్రం నిన్న కూడా ఊళ్లో పసుపు చేను గట్టున నిలబడి ఫోను చేసి, నలుగురిలో తన పరువు తీశానని, మధ్యలో ఒక్క దగ్గయినా లేకుండా, తనివితీరా తిట్టాడు. ఫోను చెవి దగ్గర్నుంచి తీయబుద్ధి కాలేదు.