దేనికంటే బెటర్?

కళ్లద్దాల దుకాణంలోకి అడుగుపెట్టిన పెద్దమనిషి, గల్లాపెట్టె పక్కనున్న ప్లాస్టిక్ తలను చూసి, "ఏమ్మా, బాగున్నావా? బొత్తిగా చిక్కిపోయావేంటి?" అని పలకరించాడు. ఆ తలకు బంగారు రంగు ఫ్రేమూ, మెడలో ధర చీటీ ఉన్నాయి. అది బదులు చెప్పకపోయేసరికి, పనిలో ఉందేమోలే అనుకుని మర్యాదగా కుర్చీలో కూర్చున్నాడు.

లోపలి గది గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన ఆయన తమ్ముడి భార్య నవ్వలేదు. ఇంకెవరైనా అయితే పైటకొంగు నోట్లో కుక్కుకునేదే. కానీ ఈ మనిషి రోజూ జనంతో కిక్కిరిసిన బస్సును కొండదారిలో నడుపుతాడు. మర్నాడు మళ్లీ స్టీరింగు పట్టుకోవాలంటే, చూపు బాగుందని ఆమె సంతకం చేసిన కాగితం డిపోలో ఇవ్వాలి. దానికోసమే వచ్చాడు.

ఆ వీధిలో ఆమెను అందరూ బెటరమ్మ అంటారు. కంటి పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. చీకటి గదిలో వచ్చినవాళ్ల ముక్కుమీద బరువైన ఫ్రేము ఎక్కించి, అద్దాలు మార్చి మార్చి, "ఇది బెటరా? ఇదా?" అని రోజంతా అడుగుతుంది. ఇంటికెళ్లినా ఆ నోరు ఊరుకోదు. కూరలో మరికాస్త ఉప్పేసి మొగుడి నోటికి గరిటె అందిస్తూ, "ఇప్పుడు బెటరా, ఇందాకా?" అంటుంది.

కొత్తలో "బాగుందా?" అనే అడిగేది. జనం మొహమాటస్తులు. చుట్టాలింట్లో కాఫీని మెచ్చుకున్నట్టే, ఏ అద్దం పెట్టినా బాగుందనేవారు. ఒకాయన చాలా బాగుందంటూనే లేచి, తలుపనుకుని బీరువా తెరిచి అందులోకి నడవబోయాడు. ఆ పూటతో 'బాగుందా' మానేసి 'బెటరా' పట్టుకుంది. బాగుండడం ఒంటరిగా కుదురుతుంది. బెటర్ అనాలంటే మాత్రం పక్కన ఇంకోటి ఉండి తీరాలి.

ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది మొగుడే, ఇంగ్లీషు పంతులు. "గుడ్‌కి గుడ్డర్ అని ఎందుకు అనరు నాన్నా?" అని కూతురు నిలదీస్తే, "బెటర్ అనేది గుడ్ కన్నబిడ్డ కాదే, పెంచుకున్న బిడ్డ. దాన్ని కన్న మాట ఎప్పుడో కాలం చేసింది," అన్నాడు. జబ్బు మాన్పడం అనే అర్థమున్న ఓ పాత మాటకు అది దగ్గరి చుట్టమని కూడా చెప్పాడు. గిన్నెలు తోముతున్న బెటరమ్మకు అది తెగ నచ్చింది. మన 'నయం' కూడా అంతేగా అనుకుంది. దానికంటే ఇది నయం అంటాం. జ్వరం నయమైంది అనీ అంటాం. మొదటిదాంట్లో బాధ ఇంకా మిగిలి ఉండొచ్చు, రెండోదాంట్లో ఉండదు. ఎలా ఉందంటే బెటర్ అని ఊరుకునే మనిషి ఈ రెంటిలో ఎక్కడున్నాడో వాడికే తెలియాలి.

"లోపలికి రండి బావగారూ."

"ఇక్కడున్నావా? మరి ఇందాక పలకరిస్తే ఉలకవూ పలకవూ?"

"పనిలో ఉన్నాలెండి."

ఫ్రేము పెట్టి అద్దం మార్చింది. "ఇది బెటరా? ఇదా?"

"రెండోది బెటర్."

"ఇప్పుడు?"

"ఇంకా బెటర్."

జవాబులు చకచకా వస్తున్నాయి. మామూలుగా మనుషులు తటపటాయిస్తారు, మళ్లీ పెట్టమంటారు. ఆమెకు అనుమానమొచ్చింది. ఉన్న అద్దాన్నే తీసి, తుడిచి, మళ్లీ అదే పెట్టింది.

"ఇదైతే చాలా బెటరమ్మా."

ఈసారి అద్దాలన్నీ తీసేసింది. "మరి ఇది?"

"బ్రహ్మాండం. ఇదే రాసెయ్."

"దేనికంటే బెటర్ బావగారూ?"

"అంటే?"

"వేలు పెట్టి చూడండి."

ఆయన వేలు ఖాళీ ఫ్రేములోంచి నేరుగా వెళ్లి తన కనురెప్పనే తాకింది. అక్కడే ఆగిపోయింది.

ఆమె టార్చి వేసి చూసింది. రెండు కళ్లలోనూ పాలచుక్క కలిపినట్టు తెల్లటి పొర. ఎడమవైపు బాగా ముదిరింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"వానలు మొదలైనప్పటి నుంచి. తెలిసిన దారేగా, మలుపులు చేతులకే గుర్తు."

"మలుపులు సరే. అడ్డమొచ్చే మనుషులు?"

"కండక్టరు పక్కన నిలబడి చెప్తుంటాడులే."

ఆయన గొంతు తగ్గించాడు. "సంతకం పెట్టమ్మా. ఒకసారి దిగితే ఆ రూటు ఇంకొకడి పాలు. నన్ను షెడ్డులో కూర్చోబెట్టి బస్సులు కడిగిస్తారు."

పెళ్లయిన కొత్తలో, కోడలికి ఉద్యోగమేంటని ఇంట్లో గొణిగితే అడ్డం నిలబడ్డది ఈ బావగారే. అది ఆయన ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకు కాదనడం తేలికయ్యేది. పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి రాసింది. రాసింది ఆయనకు కనబడదు కాబట్టి పైకి చదివింది కూడా: "ఆపరేషన్ అయ్యేదాకా బస్సు నడపకూడదు."

ఆయన ఫ్రేము తీసి బల్లమీద పెట్టబోతే అంచున పడింది. ఆమె పట్టుకుంది.

"పొర తీయించుకుంటే?" అన్నాడు.

"చూపు తిరిగొస్తుంది. అప్పుడు నేనే పరీక్ష చేసి సంతకం పెడతా. మీ తమ్ముడు ఆస్పత్రికి తీసుకెళ్తారు."

ఆయన డిపోకి తనే ఫోన్ చేశాడు. నంబరు మాత్రం ఆమె నొక్కిపెట్టింది. "రేపు నా బండి ఇంకెవరికైనా ఇవ్వండి," అని పెట్టేసి, గోడ తడుముకుంటూ గుమ్మందాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"సొంత మరదలివి కదాని నీ దగ్గరకొచ్చాను చూడు. నీకంటే పరాయివాళ్లే బెటరమ్మా."

"మీ బస్సెక్కేది వాళ్లే కదా, బావగారూ."