వేర్ అంటే యాడ

ఒక్క ఇంగ్లీషు మాట నాకు బాగా తెలుసనుకొని, మొన్న మా మనవరాలి సంపాదనకు నేనే ఎసరు పెట్టబోయినా. ఎట్లాగో వినండి.

మా హారిక ఇంట్లోనే కూర్చొని కంప్యూటర్లో కొరియావాళ్లకు ఇంగ్లీషు నేర్పిస్తుంది. మొన్న ఒక కొత్త పిల్ల వచ్చింది. సుమిన్ అంట పేరు, నాకు మాత్రం సుమ. ఆరోజు ట్రయల్ క్లాసు. అది నచ్చితేనే ఆ పిల్ల చేరేది. నెల నుంచి కొత్తవాళ్లు ఒక్కరూ చేరక హారిక దిగులుగా ఉన్నింది.

"అవ్వా, ఈపొద్దు 'వేర్' నేర్పిస్తాండా. నువ్వొచ్చి నా పక్కన కూర్చో సాలు," అనింది.

వేర్ నాకు తెల్దా! అరవై దాటినాక అక్షరాలు దిద్దినదాన్ని. వాట్ అంటే ఏమి, వేర్ అంటే యాడ. నేర్పింది హారికే.

ఈ వేర్ ఇంకొకటని, నన్ను కూర్చోబెట్టింది నా చీరా గాజులూ చూపించేకేనని తర్వాత తెలిసింది. మనం చీర కట్టుకుంటాం, గాజులు తొడుక్కుంటాం, పూలు పెట్టుకుంటాం. కొరియాలోనూ అంతేనంట, బట్టలకొక మాట, చెప్పులకొక మాట, టోపీకొక మాట. ఇంగ్లీషులో మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే వేర్! అంత పెద్ద భాషకు ఇంత పొదుపెందుకో!

హారిక అరగంట ఇదే చెప్పిందంట. నాకు ముక్క అర్థం కాలే, నవ్వుతా కూర్చున్నా. చివర్లో సుమ నా చీర వైపు వేలు చూపించి, "గ్రాండ్‌మా, వాట్ ఆర్ యూ వేరింగ్?" అనింది.

యాడ కొన్నావని అడుగుతాండాది, పాపం.

"నందికొట్కూర్!" అన్నా.

కళ్లద్దాలు చూపించింది. కంటి ఆపరేషనప్పుడు ఇచ్చినవి. "కర్నూల్!"

గాజులు చూపించింది. దర్గా ఉరుసులో కొన్నవి. "కడప!"

హారిక బల్ల కింద నా కాలు తొక్కె. మెచ్చుకుంటాందిలే అనుకున్నా. సుమ చప్పట్లు కొట్టి గబగబా రాసుకొని హారికతో ఏమో చెప్పింది. హారిక మొహం వాడిపాయె.

"ఏమంటాంది మే?"

"ఇంగ్లీషులోనూ మా మాదిరే చీర కట్టుకుంటే నందికొట్కూర్, గాజులు తొడుక్కుంటే కడప అని ఒక్కోదానికి ఒక్కో మాట ఉండాది కదా, అన్నిటికీ ఒకటేనని మీరెందుకు చెప్పినారు అంటాంది! 'మై మదర్ కడపాస్ బ్యాంగిల్స్' అని వాక్యం కూడా చెప్పె. నా కొంప ముంచినావు గదవ్వా!"

హారిక మ్యాపు తెరిచి మూడు ఊర్లూ చూపించి, నా 'యాడ' సంగతంతా చెప్పుకొనింది. సుమ ముందు బిత్తరపోయి చూసె. తర్వాత కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వె. రేపట్నుంచే చేరతానని కూడా చెప్పె. హారిక ఊపిరి పీల్చుకుంది.

"అవ్వా, ఇంకమీద ఎవరేమడిగినా ముందు నాతో చెప్పినాకే జవాబియ్యి," అనింది.

సరేలెమ్మని తలూపినా. ఆ పిల్ల నా చెప్పుల గురించి అడగలేదు కాబట్టి సరిపాయె. అడిగింటే ఆలూరు కూడా ఇంగ్లీషులో కలిసిపోయుండు.