వేటకుక్కను మందకు కాపలా పెట్టినప్పుడు

మా చిన్నప్పుడు... వడమాలపేట దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లో రెండు కుక్కలుండేవి. నాయనది రాకెట్టు, వేటకుక్క. చిన్నాయనది కర్రోడు, గొర్రెల మంద కాసేది.

రాకెట్టును నాయన తమిళనాడు నుంచి తెచ్చాడు. సన్నం అనే మాట దానికి చాలదు. పక్కటెముకలు బయటికే కనిపించేవి, నడుము పిడికిలంత. ఎప్పుడూ దూరంగా ఎక్కడో చూస్తుండేది. చెనిక్కాయ చేలో కుందేలు కదిలితే చాలు... మేం తల తిప్పేలోగా నోట కరుచుకొచ్చి నాయన కాళ్ల దగ్గర పెట్టేది. నాయన మెడ నిమిరి "శబాష్ రా" అనేదాకా కదిలేది కాదు.

కర్రోడు నల్లగా, బొచ్చుబొచ్చుగా, ఒక చెవి చిరిగిపోయి ఉండేది. దానికి దూరంతో పనిలేదు. మంద చుట్టూ తిరగడమే పని. గొర్రెపిల్ల తప్పించుకుని పరిగెత్తితే దాని ముందుకు పోయి ఊరికే నిలబడేది. పిల్ల తనంతట తానే వెనక్కి మళ్లేది.

ఒక వేసవిలో మోటారు సైకిలు తగిలి కర్రోడి కాలు విరిగింది. చిన్నాయన దాన్ని గోనెసంచిలో పెట్టుకుని పుత్తూరు పోయి, ఎముకలకు కట్లు కట్టేవాళ్లను బతిమాలి మనుషులకు కట్టినట్టే కట్టు కట్టించుకొచ్చాడు. మరి మందకు కాపలా ఎవరు?

"రాకెట్టును ఇయ్యి అన్నా. కర్రోడికన్నా బాగా ఉరుకుతాది," అన్నాడు చిన్నాయన.

"దాని ఉరుకుడు వేరే రా..." నాయన నసిగాడు.

"సంగటి తిని మంచమెక్కేదానికేనా నీ కుక్క ఉండేది?"

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నాయన గొలుసు విప్పి ఇచ్చాడు.

మరుసటి రోజు సాయంత్రం మంద ఇంటిదారి పట్టింది. నేను నాయనతో కలిసి ఎదురు వెళ్లాను. ట్రాక్టరు హారనుకు బెదిరి ఒక పిల్ల దున్నిన చేలోకి పరిగెత్తింది. రాకెట్టు లేచింది. ఎంత అందంగా పరిగెత్తిందో... ముందుకు పోయి నిలబడుతుందనుకున్నాను. అది వెనకే పోయింది.

పిల్లను నోట కరుచుకొచ్చి నాయన కాళ్ల దగ్గర పెట్టింది. తోక ఊపుతూ చూస్తోంది. పిల్ల కదల్లేదు.

చిన్నాయన కర్ర ఎత్తాడు.

"కొట్టొద్దు రా. దానికి తెలిసిన పని అది సేసింది," అన్నాడు నాయన. మెడ మాత్రం నిమరలేదు. రాకెట్టు అట్లాగే చూస్తూ నిలబడింది... చాలాసేపు.

"నెత్తురు రుచి సూసింది కదన్నా. రేపు ఊర్లోవాళ్ల గొర్రెను పడతాది. ఇంక ఈడ పెట్టుకోకూడదు."

నాయన గొర్రెపిల్లను ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు.

తెల్లారి చిన్నాయన మోపెడ్ మీద దాన్ని ఎక్కించుకుపోయాడు. దానికి బండి ఎక్కడం ఇష్టం, సంతోషంగానే ఎక్కింది. మధ్యాహ్నం గొలుసు ఒక్కటే తిరిగొచ్చింది.

"నగరి అవతల మామిడితోట ఆయనకు ఇచ్చినాను. బాగా సూసుకుంటాడులే," అన్నాడు, నా వైపు చూడకుండా.

నాకు ఏడుపు రాలేదు. అన్నం తిన్నాను. ఎక్కాలు రాసుకున్నాను. నాయన గొలుసును చూరులో పెట్టాడు. ఆ తోట ఏ ఊళ్లో ఉందని ఇంట్లో ఒక్కరూ అడగలేదు... నేనూ అడగలేదు.

కర్రోడికి కాలు అతుక్కుంది. కుంటుతూనే ఇంకా కొన్నేళ్లు మంద కాసింది.

ఇప్పుడు ఆ చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతారు. మంద అమ్మేశారు. నేను చదువుకుంటున్న తిరుపతిలో కుక్కలను సాయంత్రం పూట షికారుకు తీసుకెళ్తారు... వాటికి పరిగెత్తే పనీ లేదు, కాసే పనీ లేదు.

మీ ఇళ్లలోనూ ఇట్లా "ఎవరికో ఇచ్చేసిన" కుక్క ఉండే ఉంటుంది. ఉంటే రాయండి, చదువుతాను.

రేపు పొద్దున మొదటి బస్సుకే ఊరికి పోతున్నాను. చిన్నాయన పశువులకు గడ్డి వేసే వేళకు చేరుకోవాలి... అప్పుడు ఆయన ఒక్కడే ఉంటాడు. ఆ మామిడితోట ఆయన పేరేమిటని అడుగుతాను.