జుట్టు మంచు వెనక నల్లకోటు

మా సంస్థ ఒక ఏడాది వేసిన అటవీ క్యాలెండర్‌లో జనవరి పేజీ ఫోటో అడుగున చిన్న అక్షరాలతో నా పేరు, వాడిన లెన్సు, తీసిన చోటు అచ్చువేశారు. కోటు మాట వేయలేదు. ఆ ఫోటో నిలబడిందే కోటు మీద. తెలుగు సంఘం కార్యక్రమాల్లో కెమెరా మెడలో వేసుకుని తిరిగే కుర్రవాళ్లు ఆ బొమ్మ చూసి, "ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారంకుల్?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ నోటితో చెప్పి అలసిపోయాను. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఒక చిన్న క్యాలెండర్ ప్రచురణ సంస్థలో నేను ఫోటోగ్రాఫర్‌గా చేరింది సుమారు పదేళ్ల కిందట, ఒక ఆగస్టు నెలలో. అప్పటికే నాకు యాభై అయిదు దాటాయి. మా ఆవిడ పద్మజకు ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో ఏలూరులో స్టూడియో మూసి ఆమె వెంట వచ్చాను. నా చదువు పదో తరగతి. మిగతాదంతా గ్రంథాలయాల్లో చదువుకున్నదే. కాంతి, కటకాలు, రసాయనాలు ఏలూరు శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నాను. జర్మన్ భాష ఇక్కడి లైబ్రరీలో, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నాను.

ఈ దేశంలో కొత్త ఉద్యోగికి మొదటి ఆరు నెలలు 'ప్రోబెట్సైట్', అంటే పరీక్షాకాలం. నచ్చకపోతే ఆలోగా పంపించేయవచ్చు. నాది జనవరి చివర ముగుస్తుంది. సంస్థ యజమానురాలు ఫ్రావు హార్టుంగ్, అంటే హార్టుంగ్ గారు, నాకు రాబోయే ఏడాది జనవరి పేజీ అప్పగించారు. మంచు, గడ్డకట్టిన నీరు, అడవి. నేను ముందే తీసిన మంచు ఫోటోలు చూపిస్తే, "అన్నీ సరిగానే ఉన్నాయి, హెర్ రావు. ఇలాంటివి అందరి దగ్గరా ఉన్నాయి," అన్నారు. ఈ పేజీ చూశాకే నా సంగతి తేలుస్తానని కూడా చెప్పారు.

ఆ వారమే లైబ్రరీలో పుట్టగొడుగుల పుస్తకం ఒకటి చదువుతున్నాను. అందులో 'హారైస్' గురించి ఉంది. జుట్టు మంచు అనవచ్చు. ఎండిపోయి బెరడు ఊడిన కొమ్మలో ఒక జాతి శిలీంధ్రం ఉంటే, గాలి చెమ్మగా ఉండి చలి సున్నాకు కాస్త దిగువన నిలిచిన రాత్రి, చెక్క రంధ్రాల్లోంచి మంచు వెంట్రుకల్లా పెరుగుతుందట. ఎండ తగిలితే పోతుందట. ఇదే తీయాలనుకున్నాను.

క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ దగ్గరి అడవికి అధికారి హెర్ బ్రాంట్. రక్షిత అడవిలో బాట దిగాలంటే ఆయన అనుమతి కావాలి. ఆయన అనుమతితోపాటు తానూ వస్తానన్నారు. శనివారం తెల్లవారుతుండగా బయల్దేరాం. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు పద్మజకే ఉంది కాబట్టి కారు ఆమె నడిపింది. ఒంటిమీద మోకాళ్లు దాటిన నల్లకోటు. దానిమీద మాకు మొదటి చలికాలం నుంచీ వాదం ఉంది. కొత్త దేశంలో శుభమా అని కాపురం పెడుతూ నలుపేమిటని నేను. "బస్సులో అందరూ నలుపే వేసుకుంటున్నారు. మరి వీళ్లందరికీ అశుభమేనా?" అని ఆమె.

అడవిలో పలుచటి మంచు పరుచుకుని ఉంది. గుంటల్లో నీరు పైన గాజుపలకలా గట్టిపడి, లోపల తెల్లని వలయాలు కట్టింది. వాగు పక్క గడ్డిపరకలకు ఒక్కోదానికీ ఒక్కో గాజు గొట్టం తొడిగినట్టుంది. చిన్నపిల్లాడిలా మోకాళ్ల మీద పాకుతూ తీశాను. ఇక్కడ ఒక వృత్తి రహస్యం చెప్పాలి. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు ప్రపంచమంతా బూడిదరంగే. తెల్లటిది చూపిస్తే దాన్నీ బూడిద చేస్తుంది. కనుక మంచు తీసేటప్పుడు మీటరు చెప్పినదానికన్నా ఒకటి ఒకటిన్నర స్టాపులు వెలుగు పెంచాలి; ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు. నాకిది కొత్త కాదు. వధూవరుల మధుపర్కాలను మాపు బట్టల్లా కనబడకుండా ముప్పై ఏళ్లు తీసినవాణ్ణి.

బీచ్ అనే జాతి చెట్ల కింద ఒక కొమ్మ దగ్గర బ్రాంట్ ఆగి వేలు చూపించారు. కొమ్మ పొడవునా మెత్తగా, మెరుస్తూ, ఒకే వైపుకు వంగిన తెల్లని వెంట్రుకలు.

"అబ్బ! ఎవరో తలంటు పోసి, చిక్కు తీసి దువ్వినట్టుంది కదండీ," అంది పద్మజ.

ట్రైపాడ్ పాతి, చిన్నవాటిని దగ్గరగా పెద్దవి చేసి చూపే మాక్రో లెన్సులోంచి చూశాను. ఏమీ లేదు. తెల్లని మంచు ముందు తెల్లని వెంట్రుక కలిసిపోయింది. వెనక నలుపు కావాలి. సంచి వెతికాను. వెలుగు తిప్పడానికి తెల్లపంచె ఉంది, బంగారు రంగు రేకు ఉంది. నల్లగుడ్డ లేదు. ఎలా ఉంటుంది? పెళ్లిళ్ల సంచి అది. ముహూర్తం వేళ మండపంలో నల్లగుడ్డ తీస్తే, ఫోటోగ్రాఫర్‌ని కెమెరాతో సహా బయటికి సాగనంపడానికి పెళ్లికూతురి మేనత్త ఒక్కతి చాలు. నా జాకెట్ లేత నీలం, బ్రాంట్‌ది నారింజరంగు. ఎదుటి వాలు మీద ఎండ అప్పటికే కిందికి దిగుతోంది.

పద్మజ గుండీలు విప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగింది.

"ఇస్తాను. ముందొక మాట చెప్పండి. నలుపు మంచిదా, చెడ్డదా?"

"పద్మా, ఎండొస్తోంది."

"నాకు చలేస్తోంది. చెప్పండి."

"మంచిదే. తల్లీ, మంచిదే."

ఆమె బ్రాంట్ వైపు తిరిగి, మీరే సాక్షి అని జర్మన్‌లో చెప్పింది. సంగతేమీ తెలియకపోయినా ఆయన ప్రమాణం చేస్తున్నట్టు చెయ్యెత్తి, "యా, యా," అన్నారు.

ఒంటి వేడి ఉన్న కోటు దగ్గరికి తెస్తే జుట్టు కరిగిపోతుంది. అందుకని దాన్ని దులిపి, దూరంగా కొమ్మకు తగిలించి చల్లారనిచ్చాం. అంతసేపూ నా జాకెట్ ఆమెకిచ్చి నేను స్వెట్టర్‌తో గెంతుతూ నిలబడ్డాను. తర్వాత పద్మజా, బ్రాంటూ చెరో కొసా పట్టుకుని కోటును కొమ్మ వెనక నిలిపారు.

"అచ్చం అడ్డుతెర పట్టినట్టే ఉంది. జీలకర్ర, బెల్లం ఏవండీ?"

"నవ్వించకు, ఊపిరి తగులుతుంది," అన్నాను మఫ్లరు ముక్కుదాకా లాక్కుని.

నలుపు ముందు మీటరు తప్పు తిరగబడుతుంది. నలుపునూ బూడిద చేయబోయి తెలుపును కాల్చేస్తుంది. ఈసారి వెలుగు తగ్గించాను. లెన్సులో ఒక్కో వెంట్రుకా వేరై నిలిచింది. ఎండ మా కొమ్మను తాకేవరకు తీస్తూనే ఉన్నాను. తాకగానే జుట్టంతా సొమ్మసిల్లినట్టు వాలి, నీటి చుక్కలై జారింది. బ్రాంట్ టోపీ తీసి కొమ్మకు వీడ్కోలు చెప్పారు. అక్కడే నిలబడి పద్మజ తెచ్చిన పులిహోర ముగ్గురం తిన్నాం.

సోమవారం ఫ్రావు హార్టుంగ్ ఆ ఫోటోను చాలాసేపు చూసి, ఇంత నలుపు ఎక్కడ దొరికిందని అడిగారు. మా ఆవిడ కోటు అన్నాను. ఆమె పగలబడి నవ్వి, ఫిబ్రవరి పేజీ కూడా మొదలుపెట్టమన్నారు. పరీక్షాకాలం అలా ముగిసింది. పదవీ విరమణ వరకు అక్కడే పనిచేశాను.

నేర్చుకున్నది ఇది. తెల్లనిదాన్ని తీయడానికి వెళ్లేటప్పుడు, వెలుగు కన్నా ముందు దాని వెనక ఏముంటుందో ఆలోచించాలి. సంచిలో నల్లగుడ్డ ఉండాలి. తెలుగు పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు మాత్రం దాన్ని కారులోనే వదిలేస్తాను. మేనత్తలు జర్మనీలోనూ ఉన్నారు.

ఎండ వచ్చేదాకా చెయ్యి దించని హెర్ బ్రాంట్‌కు, నవ్వి ఉద్యోగం నిలిపిన ఫ్రావు హార్టుంగ్‌కు, పుట్టగొడుగుల పుస్తకం వెతికి చేతిలో పెట్టిన లైబ్రేరియన్ ఫ్రావు లిండ్నర్‌కు, ఏలూరులో తలుపులు మూసే వేళ దాటినా నన్ను లేపని గ్రంథపాలకులు సూర్యనారాయణ గారికి కృతజ్ఞతలు. పద్మజకు కూడా. ఆ ఏడే ఆమె నల్లచీర కొనుక్కుంది. అది కట్టుకుని తీయించుకున్న ఫోటో మా హాల్లో ఉంది. తీసింది నేనే. వెనక తెల్లగోడ.