కూలర్ ఆంటీ వేసిన మార్కులు

మొన్న మా అమ్మాయి ఏసీని హిమాలయాల స్థాయికి దించి, రజాయి ముసుగేసుకుని, భూగోళాన్ని వేడి నుంచి కాపాడటం మీద కాలేజీ ప్రాజెక్టు స్లయిడ్లు చేస్తుంటే నాకు దేశ రాజధానిలోని జియా సరాయ్ పేట కూలర్ ఆంటీ గుర్తొచ్చారు.

మన ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంజనీరింగ్‌లో పర్యావరణం, సామాజిక బాధ్యత అనే పాఠం కొత్తగా చేరిన లెక్చరర్ నెత్తిన పడేది. నా క్లాసులో గురకలకు పక్క ల్యాబులో గాజుసామాను వణికేది. మా చిన్న ప్రైవేటు కాలేజీ హెడ్డుగారు, ఈసారి ప్రాజెక్టు ఎవరికైనా పనికొస్తే సరి, లేదంటే సబ్జెక్టు ఎత్తేసి నన్ను డ్రాయింగ్ క్లాసులకు తోలేస్తామన్నారు. నేనూ తగ్గలేదు, చేసిన వస్తువును వాడినవాళ్లే మార్కులు వేస్తారని ప్రకటించేశాను.

జియా సరాయ్‌లో అద్దెకుండే, నా క్లాసులోని మన తెలుగు పిల్లలు, ఓనరు ఆంటీ వంటింటి ఫిల్టర్ వదిలేసే వృథా నీళ్లను గొట్టంతో కూలర్లోకి మళ్లించారు. మొదట్లో ఆ చల్లదనానికి ఆంటీ మే నెలలో స్వెట్టర్ వెతుక్కున్నారని వినికిడి. అయితే ఫిల్టర్ వదిలేసేది ఉప్పునీళ్లే కదా, ఆ ఉప్పు పేరుకుని కూలర్ గడ్డి కోటగోడై కూర్చుంది. ఆంటీ ఆ గడ్డి తడికను చంకన పెట్టుకుని, సెక్యూరిటీనీ ఆరావళి పర్వతాలనూ దాటుకొచ్చి, హెడ్డుగారి బల్లమీద దభీమని పడేశారు.

“యే లో, ప్రొఫెసర్ సాబ్! హవా మాంగీ థీ, దీవార్ బనా దీ!”

గాలి అడిగితే గోడ కట్టారట. హెడ్డుగారు నావంక చూసి, అప్పుడే నా డ్రాయింగ్ బోర్డు దుమ్ము దులుపుతున్నట్టు నవ్వారు. నేను నోరు తెరిచేలోపే పిల్లల్లో బక్కపలచటివాడు తడికను భుజానికెత్తుకున్నాడు.

“మార్కులు పోతే పోనీండి సార్, ముందు ఆంటీకి గాలి రావాలి.”

సాయంత్రానికల్లా వాళ్లంతా కలిసి గడ్డి మార్చి, తొట్టి తోమి, గొట్టాన్ని నేల తుడిచే బకెట్‌లోకి తిప్పారు. మార్కుల రోజున ఆంటీ తీర్పు ఎర్రకోట దాకా వినిపించింది.

“మెషీన్ కో జీరో! లేకిన్ బచ్చే లౌట్ కే ఆయే, ఉస్ కే పూరే నంబర్!”

యంత్రానికి సున్నా, తిరిగొచ్చి బాగుచేసినందుకు పూర్తి మార్కులు. హెడ్డుగారు సంతకం పెట్టారు, సబ్జెక్టు బతికింది. ఇన్నేళ్లుగా నేను చెబుతున్నది ఆ తీర్పే. అంతకన్నా గొప్ప సిలబస్ భూమ్మీద ఎవరూ రాయలేదని ఘంటాపథంగా చెప్పగలను.

మొన్న ఆ స్లయిడ్లు చూసి, ఇది నిజంగా ఎవరు వాడతారమ్మా అని మా అమ్మాయినడిగాను.

“వాడటమేంటి నాన్నా? బస్, సబ్మిట్ కర్‌నా హై,” అంది రజాయిలోంచి. అప్పజెబితే చాలట.

ఇప్పుడు ఆ పాఠానికి ఘనమైన పేర్లున్నాయి, మెరిసే సర్టిఫికెట్లున్నాయి. పాడైన తడికను చంకన పెట్టుకుని వచ్చే ఆంటీయే లేరు. తిట్టడానికైనా సరే, పిల్లల కోసం తెరిచి ఉంచిన గుమ్మం లేదు.