అందరి దగ్గరా ఉన్న ఒక్క నంబరు

నా పెద్దకొడుకు పోయాడు. పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. మన తెలుగు సంఘం వాళ్ళు వచ్చి, వాడి పేరు మీద పుస్తకం వేస్తున్నాం, నాలుగు మంచి మాటలు రాసివ్వమన్నారు. నాకు పెద్దగా చదువు లేదు. మంచి మాటలు కూడా ఇప్పుడు లేవు. ఉన్నవి రాస్తాను.

మీ ఇంట్లో మనిషి పోయినప్పుడు మీరు ముందు ఎవరికి ఫోన్ చేశారో గుర్తు చేసుకోండి. మావాడికే. ఐస్ పెట్టె తెప్పించడం, పాడె కట్టించడం, బండి పిలవడం, శ్మశానంలో చెప్పి పెట్టడం, నాలుగో భుజం దొరక్కపోతే తన భుజం పెట్టడం, అన్నీ వాడే. మా ఆయన పోయినప్పుడు మోసేవాళ్ళు చాలక మేం పడ్డ అవస్థ చూసి మొదలుపెట్టాడు. అప్పటికి వాడికి మీసాలు కూడా రాలేదు. పోయేదాకా మానలేదు. మేట్టుపాళయం కంపెనీలో షిఫ్టు ముగించుకుని, కన్ను మూయకుండా, ఊరి అవతల ఏంబలం దాకా స్కూటర్ వేసుకుని వెళ్ళేవాడు. "ఏడ్చేవాళ్ళు ఉంటారుమా, పనికే మనిషి ఉండడు" అనేవాడు.

తిరిగొచ్చాక ఇంట్లోకి వచ్చేవాడు కాదు. పెరట్లో గోడ పక్కన నిలబడి "అమ్మా, నీళ్ళు" అనేవాడు. నేను బకెట్టు తీసుకెళ్ళి పోసేదాన్ని. పాడె మోసి మోసి కుడి భుజం మీద చర్మం నల్లగా కాయ కట్టింది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

"ఊళ్ళో పీనుగలన్నీ నీకేనారా? వాళ్ళకి కొడుకులు లేరా?"

"తిట్టుమా, నీళ్ళు మాత్రం ఆపొద్దు. వచ్చేసారి ఇంకో ఇద్దర్ని కూడా తీసుకుపోయి నేర్పిస్తాలే."

నేర్పడానికి మనుషులు రావాలి కదా. సంఘం మీటింగులో ప్రతి ఏడూ లేచి, ఇద్దరు కుర్రాళ్ళను నాతో పంపండని అడిగాడు. మీరు చప్పట్లు కొట్టారు. మనిషిని అడిగితే శాలువా కప్పారు. ఆ శాలువాలు ఇప్పుడు మా ఇంట్లో గ్రైండరు మీద, టీవీ మీద ఉన్నాయి. వాడికి ఒక సంబంధం చూడమని అడిగితే మీలో ఒకామె అంది, "పీనుగలు మోసే చేతులకి పిల్లని ఎట్లా ఇస్తారక్కా?" ఆమె మామగారిని మోసింది ఆ చేతులే. ఆమె ఇది చదువుతుంది. చదవాలనే రాస్తున్నాను.

వాడు పోయిన రోజు మీరంతా వచ్చారు. రాలేదనను. వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"పెట్టెకి చెప్పినారా?"

"యాడ దొరుకుతుందో నాకేం తెలుసు? అంతా అన్నే గదా చూసేది."

"మరి బండి?"

"అదీ అన్నే."

ఎండెక్కింది. వాడు చాప మీద అట్లాగే ఉన్నాడు. అప్పుడు వాడి తల పక్కన పెట్టిన వాడి ఫోన్ మోగింది. నేనే తీశాను.

"అన్నా, మీ వీధిలో ఎవరో పోయినారంట గదా. పెట్టె వచ్చేసిందా? నేను టిఫిన్ చేసేసి మెల్లగా వస్తా."

"రాలేదు నాయనా. పోయింది మీ అన్నే. తినేసే రా."

శవాల బండి డ్రైవర్ ఒక్కడు ఎవరూ పిలవకుండా వచ్చాడు. ఆయన మన సంఘం కాదు, మన భాష కాదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూసి, పెట్టెకి ఫోన్ చేశాడు, పాడె కట్టాడు. ఆయనకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఇందులో నేను చెప్పే కృతజ్ఞత అంతా ఆయనదే.

కర్మ అయిన మర్నాడే సంఘం సెక్రెటరీ వచ్చాడు.

"చిన్నోడు ఉండాడు గదక్కా. అన్న పేరు నిలబెట్టనీ. ఆ ఫోన్ వాడి చేతికియ్యి."

"నీ కొడుకేం చేస్తా ఉండాడు?"

"వాడికి పరీక్షలక్కా."

"అయితే అవి అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ చావకుండా చూసుకో."

ఫోన్ ఇవ్వలేదు. అది నా దగ్గరే మోగుతోంది. చేసినవాళ్ళకి పెట్టె మనిషి నంబరు, డ్రైవర్ నంబరు చెప్తున్నాను. భుజాలు మాత్రం మీ ఇళ్ళల్లోనే వెతుక్కోండి. పది ఇళ్ళ నుంచి పదిమంది బయల్దేరితే వాళ్ళ వెనక మా చిన్నోడూ వస్తాడు. వాడొక్కణ్ణి పంపను.

ఎందుకో కూడా చెప్తాను. ఆ రోజు శ్మశానం గేటు నుంచి చితి దాకా భుజం మార్చుకునేవాళ్ళు లేకపోయారట. నిప్పు కుండ పట్టుకుని ముందు నడవాల్సిన తమ్ముడు, ఆ కుండ డ్రైవర్ చేతికిచ్చి అన్నను మోశాడట. తిరిగొచ్చి పెరట్లో గోడ పక్కన, అన్న నిలబడే చోటే నిలబడి, "అమ్మా, నీళ్ళు" అన్నాడు. పోశాను. వాడి కుడి భుజం ఎర్రగా కందిపోయి ఉంది. బకెట్టు అయిపోయేదాకా అక్కడే పోశాను. మళ్ళీ నింపుకొచ్చి మళ్ళీ అక్కడే పోశాను. ఎరుపు పోలేదు.